ఉప్పు మడుల రోడ్డు మీద దాహం

మరుగుతున్న ఇంజను మీద అరచెయ్యి ఆనించి, వంద అంకెలు లెక్కపెట్టి, అప్పుడు చెయ్యి తీసి "జబ్బు ఇదిగో ఇక్కడుంది" అని చెప్పగలిగిన మెకానిక్కు శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం దాకా హైరోడ్డు పొడుగునా ఒక్కడే ఉండేవాడు. ఆ ఒక్కణ్ణీ నేనే. అంతటితో ఆగలేదు. ఒక కారు రేడియేటరులోంచి దెయ్యాన్ని దింపినవాణ్ణి కూడా నేనే. పట్టపగలు, పదిమంది చూస్తుండగా.

ఈ మాట యాభై ఏళ్ళకు పైగా చెప్పుకుంటూ వస్తున్నాను. పెళ్ళిళ్ళలో చెప్పాను, రైళ్ళలో చెప్పాను, పన్ను పీకించుకోడానికి వెళ్ళి నోట్లో దూది ఉండగానే డాక్టరుకి కూడా చెప్పాను. చెప్పినకొద్దీ అది పెరిగింది. మొదట్లో ఇరవై అంకెలే లెక్కపెట్టేవాణ్ణి. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కనుక కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వస్తాను. ఒక్కసారిగా తగ్గిస్తే నాకే కష్టం.

అరవయ్యో దశకం చివరి మాట. నాకు ఇరవై నాలుగేళ్ళు. నరసన్నపేటలో హైరోడ్డు పక్కన తాటాకు షెడ్డు నాది. కాదు, మా మేస్త్రీది. ఆయన విజయనగరంలో బస్సుల పని చూసుకుంటూ వారానికోసారి వచ్చి కనబడేవాడు. మిగతా ఆరు రోజులూ షెడ్డు నాదేనని నేను చెప్పేవాణ్ణి, జనం నమ్మేవాళ్ళు.

ఆ షెడ్డుకి తరచుగా వచ్చే బండ్లలో కోటబొమ్మాళి డాక్టరుగారి కారు ఒకటి. నల్లటిది, యుద్ధానికి ముందు సీమ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి, ఓడలో వచ్చింది. ఎన్ని చేతులు మారిందో తెలియదు. డాక్టరుగారికి అది కారు కాదు, ఆసుపత్రిలో ఇంకో మంచం. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికి ప్రాణం మీదికొచ్చినా ఆ కారే వెళ్ళి తీసుకొచ్చేది. దాన్ని నడిపేవాడు నాకు వరసకి మావ. యాభై దాటినవాడు, బక్కపలచని మనిషి. భార్య పోయింది, ఒక్క కూతురు. స్టార్టు చేసే ముందు బోనెట్టు మీద రెండుసార్లు తట్టి, "ఏటే, ఎల్దామా?" అని అడిగేవాడు. అది గుర్రుమంటే ఒప్పుకుందని లెక్క.

సంగతంతా ఒక చుక్కతో మొదలైంది.

వేసవి మొదట్లో ఒక సాయంత్రం మావ కారు షెడ్డు ముందు ఆపి, "ఒరే అల్లుడూ, కిందకి ఒంగి సూడు. ఎద్దు పోసినట్టు పోస్తన్నాది," అన్నాడు.

వంగి చూస్తే రేడియేటరు అడుగు అతుకు దగ్గర నీరు కారుతోంది. దానికి సరైన వైద్యం ఒక్కటే. రేడియేటరు విప్పి, శ్రీకాకుళం పంపి, అతుక్కి టంకం పెట్టించాలి. రెండు రోజుల పని. డాక్టరుగారికేమో కారు మర్నాడు పొద్దున్నే కావాలి.

మా వైపు లారీవాళ్ళకి ఒక చిట్కా ఉండేది, చోడి పిండి. మిగతా జిల్లాలవాళ్ళు రాగులంటారు, మేం చోళ్ళంటాం. పొద్దున్నే అంబలి కాచుకుని తాగే పిండే. గుప్పెడు పిండి నీళ్ళలో జారుగా కలిపి రేడియేటరులో పోసి ఇంజను తిప్పితే, అది వేడికి ఉడికి, కారే చోటికి చేరి, బంకలాగ పట్టేస్తుంది. చుక్క ఆగిపోతుంది. అయితే అది ఇల్లు చేరడానికి మాత్రమే. మర్నాడో ఎల్లుండో నీళ్ళన్నీ దింపేసి, లోపలంతా కడిగేసి, టంకం పెట్టించి తీరాలి. లేకపోతే కన్నంలో పట్టిన పిండే లోపలి సన్న గొట్టాల్లోనూ పడుతుంది. ఈ సంగతి ఆ రోడ్డు మీద తిరిగే ప్రతివాడికీ తెలుసు. డాక్టరుగారి కారు తప్ప మరో బండి ఎరగని మా మావకి తెలియదు.

మావ టీ తాగడానికి రోడ్డు అవతలికి వెళ్ళాడు. వెనక సీటు మీద గుడ్డమూట కనిపించింది. ముడి విప్పితే చోడి పిండి. మరలో ఆడించి ఇంటికి తీసుకెళ్తున్నాడు. గుప్పెడు తీశాను. ఆగాను. ఇంకో గుప్పెడు తీశాను. ఆ తరవాత మూడోది. గుప్పెడు పోస్తే రెండ్రోజులు ఆగుతుంది, మూడు పోస్తే నెలరోజులు ఆగుతుందనుకున్నాను. అన్నాళ్ళు ఆగడం దేనికంటే, "రెండు రోజుల పని ఆ నరసన్నపేట కుర్రాడు గంటలో తేల్చేశాడు" అని డాక్టరుగారు నలుగురిలో అనాలి. అందుకు.

మావ తిరిగొచ్చేసరికి కింద నేల ఆరిపోతోంది. నేను మూటకి మళ్ళీ ముడి వేసేశాను.

"ఏటేసినావురా?"

"మందు మావా. సీమ మందు. మద్రాసు నుంచి వచ్చినాది."

"ఏదీ, డబ్బా సూపించు."

"అయిపోనాది. నీ బండికే ఆకరి సుక్క."

"మరి టంకం ఎట్టించక్కర్నేదేటి?"

"టంకమా! ఆ అతుకు నీకన్నా ఎక్కువ కాలం బతుకుతాది. ఎల్లు."

కడిగించమన్న మాట నేను చెప్పలేదు. చెబితే అది సీమ మందు కాదని తేలిపోతుంది.

నాలుగైదు రోజుల తరవాత మావ అటు పోతూ ఆపి, "పిండి మూటలో తరుగొచ్చిందని మా పిల్ల గుంట నా మీద ఇరుసుకు పడిపోనాదిరా. దారిలో నానేటి పిండి బుక్కీసినానా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వితే సరిపోయే మాట అనుకున్నాను.

నెలన్నర గడిచింది.

నౌపడ అవతల, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పల్లె. అక్కడ ఒకావిడ రెండు రోజులుగా నొప్పులు పడుతోందని డాక్టరుగారికి కబురొచ్చింది. తిన్నగా శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని ఆయన కారు పంపారు. వెనక సీట్లో ఆవిడ, ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని తల్లి, ముందు మావ. పల్లె దాటేసరికి సూర్యుడు నడినెత్తి మీదికొచ్చాడు.

ఆ రోడ్డు చూడనివాళ్ళకి చెప్పాలి. నౌపడ దగ్గర అది ఉప్పు మడుల మధ్య గట్టులాగ పోతుంది. అప్పట్లో తారు లేదు. ఇసక, గుంతలు, మొదటి గేరు, రెండో గేరు, అంతే. రెండు పక్కలా మడులు ఎండకి తెల్లగా మెరిసి, చూస్తే కళ్ళలో ముళ్ళు గుచ్చినట్టుంటుంది. చెట్టు లేదు. మనిషి నీడ మనిషి కాళ్ళ కిందే దాక్కుంటుంది. పక్కనే నీరుంటుంది గానీ అది ఉప్పుకట్టే నీరు. గొంతులో పోస్తే గొంతు మండుతుంది, ఇంజనులో పోస్తే ఇంజనును తినేస్తుంది.

అక్కడ కారు మరిగింది.

ఇది నేను చూడలేదు. మావ చెప్పగా విన్నాను, చాలాసార్లు. చెప్పిన ప్రతిసారీ ఆయన ఒకేలాగ చెప్పాడు. ఒక్క మాట పెరగలేదు, ఒక్క మాట తగ్గలేదు. ఆ విద్య నాకు ఎప్పటికీ రాలేదు.

కారులో ఒక్క డబ్బా మంచినీళ్ళున్నాయి. వెనకనుంచి ఆవిడ "దాహం" అంది. మావ డబ్బా మూత తీసి నిలబడ్డాడు. "నానేటనుకున్నానంటే అల్లుడూ, బండి కదిల్తే అరగంటలో టెక్కలి. అక్కడ బోల్డన్ని నీళ్ళు. ముందు బండి బతికితే ఆవిడా బతుకుతాది అనుకున్నాను. కొంచెం సల్లారనిచ్చి, డబ్బా మొత్తం బండికే పోసీసినాను."

కారు రెండు ఫర్లాంగులు పోయి మళ్ళీ మరిగింది. ఈసారి పొయ్యడానికి నీళ్ళు లేవు. మావ మడుల గట్ల మీద పరిగెత్తాడు. ఉప్పు పనివాళ్ళు ఎండకి ఇళ్ళకి పోయారు. ఒక ఎడ్లబండిని వెతికి వెంటబెట్టుకొచ్చేసరికి వెనక సీట్లో చప్పుడు లేదు. కడుపులో బిడ్డతో సహా పోయింది. తల్లి ఏడవలేదట. కారు దిగి, మావ మొహంలోకి చూసి, ఒక్క మాట అందట.

"గుక్కెడు అడిగినాది. బండికి పోసినావు."

ఆ మాట మావ నాకు చెప్పినప్పుడు ఆ తల్లి గొంతు అనుకరించలేదు, తన గొంతుతోనే చెప్పాడు. అయినా నాకు రెండు గొంతులూ వినిపించాయి. ఇప్పటికీ ఎప్పుడైనా చెంబు ఎత్తి తాగబోతుంటే వినిపిస్తాయి.

ఆ తరవాత కారు సరిగ్గా ఆ చోటే మరగడం మొదలెట్టింది. నౌపడ వైపు వెళ్ళేటప్పుడు ఏమీ ఉండదు. మధ్యాహ్నం దాటాక తిరిగి వచ్చేటప్పుడు, ఆవిడ పోయిన చోటు దగ్గరికి రాగానే ఇంజను వేడి చూపించే ముల్లు పైకి లేచిపోతుంది. డబ్బాడు నీళ్ళు పోస్తే గాని కదలదు. ఆవిడ వెనక సీట్లోనే కూర్చుని వస్తోందనీ, దాహం తీరక బండి నీళ్ళు తాగేస్తోందనీ కోటబొమ్మాళిలో చెప్పుకున్నారు. డాక్టరుగారు అలాంటివి నమ్మరు. కారు నరసన్నపేట పంపి, జబ్బేమిటో కనిపెట్టమన్నారు.

మావ షెడ్డు ముందు దిగాడు. గడ్డం మాసి ఉంది. బోనెట్టు మీద తట్టలేదు.

"డాక్టరుగారికి ఏటి సెప్తావో సెప్పుకో. నాకు ఒక్క ముక్క సెప్పు సాలు. ఆ పేణం పోడానికి తప్పు బండిదా? నాదా? లేకపోతే ఆవిడకి ఏళ వచ్చీసి పోనాదా? మూడిట్లో ఏదో ఒకటి తేల్సు. నాకు కన్ను మూతపడ్డం నేదు."

నాలుగోది ఒకటి ఉందని ఆయనకి తెలియదు.

అప్పటికి నాకు తెలుసా? తెలియదనే ఇన్నాళ్ళూ చెప్పాను. ఇందాక ఈ కథ మొదలెట్టినప్పుడు కూడా అలాగే రాద్దామనుకున్నాను. కాని ఆ రోజు నేను ఏం చూశానో, ఏం చూడలేదో రాస్తే చదివేవాళ్ళకే తెలిసిపోతుంది.

ఫ్యాను బెల్టు బొటనవేలితో నొక్కి చూశాను, బిగువు సరిగ్గానే ఉంది. హోసు పైపులు పిసికి చూశాను, మెత్తబడి లోపలికి ముడుచుకోలేదు. థర్మోస్టాటు తీసి మరిగే నీళ్ళ గిన్నెలో వేశాను, నోరు తెరిచింది. ఆయిలు కడ్డీ తీసి చూశాను, ఆయిలు పాలలాగ తెల్లబడలేదు, అంటే హెడ్డు గాస్కెట్టు క్షేమం. మూత తీసి ఇంజను నడిపాను, నీళ్ళలో బుడగలు లేవు. టైమింగు చూశాను. చిన్నపిల్లాడు కూడా మొట్టమొదట చేసే పని, రేడియేటరు మీద అరచెయ్యి పెట్టి ఎక్కడ వేడిగా ఉందో ఎక్కడ చల్లగా ఉందో తడిమి చూడడం, అది మాత్రం చెయ్యలేదు. దాని ముందునుంచి నాలుగుసార్లు తిరిగాను. ఆ కారు పళ్ళు బయటపెట్టి నన్ను చూస్తున్నట్టే ఉంది.

"ఏమీ కనబడ్డం నేదు మావా," అన్నాను.

"అయితే నాతో రా. అక్కడే కనబడతాది."

మర్నాడు వెళ్ళాం. పోయేటప్పుడు ఎదురుగాలి, హాయిగా ఉంది. నౌపడలో ఆగి, డబ్బాలు నింపుకుని, మధ్యాహ్నం దాటాక వెనక్కి తిప్పాం. నేను మావ పక్కన కూర్చున్నాను. వెనక సీటు ఖాళీ. అయినా గుంతలో పడ్డప్పుడల్లా వెనక స్ప్రింగులు మనిషి బరువుకి మూలిగినట్టే మూలిగేవి. నేను వెనక్కి తిరగలేదు. మావ అద్దంలో చూసేవాడు, చూసి మళ్ళీ రోడ్డు మీదికి కళ్ళు తిప్పుకునేవాడు.

ముల్లు కదిలింది. చెప్పిన చోటే. గట్టు మీద విరిగిన రాతి గుర్తు ఒకటి ఉంది, దాని పక్కనే. ముందునుంచి బుస్సుమని చప్పుడు.

మామూలుగా బండి మరిగితే ఆవిరి వెనక్కి వచ్చి అద్దాన్ని కప్పేస్తుంది, దారి కనబడదు. ఆ రోజు ఆవిరి వెనక్కి రాలేదు. బోనెట్టు లోంచి లేచి, మనిషెత్తున నిలబడి, మా ముందు నడిచింది. తెల్లచీర కట్టుకున్న ఆడమనిషిలాగ, తొందరేమీ లేనట్టు, రోడ్డుకి సరిగ్గా నడిమధ్యన. పది పన్నెండు అడుగులు వేసి చెదిరిపోయింది. అది చెదిరేసరికి ఇంకొకటి లేచి నడిచింది.

మావ కారు ఆపేశాడు.

"సూసినావా?" అన్నాడు. "ఎప్పుడూ ముందే నడుస్తాది. నాను ఎనకాలొస్తన్నానో నేదో సూసుకుంటన్నట్టు."

నేను దిగాను. కారు వెనక నిలబడితే నా భుజం మీది తువ్వాలు కొస నా మొహం దాటుకుని ముందుకి, కారు వైపు ఎగురుతోంది. చేత్తో పట్టుకున్నాను. మళ్ళీ వదిలాను. మళ్ళీ ముందుకే ఎగిరింది.

గాలి. మధ్యాహ్నం దాటితే సముద్రం మీంచి గాలి జోరందుకుంటుంది. మేం సముద్రానికి వీపు పెట్టి పోతున్నాం. ఇసకలో కారు ఎంత మెల్లగా పోతోందో గాలి కూడా ఇంచుమించు అంతే జోరుతో వెనకనుంచి వస్తోంది. రేడియేటరుకి ఎదురుగాలి తగలదు. అందుకే ఆవిరి కూడా ముందుకే పోతోంది. బాగున్న రేడియేటరైతే ఫ్యాను గాలితో ఎలాగో నెట్టుకొస్తుంది. లోపల గొట్టాలు మూసుకుపోయినదైతే నెట్టుకురాలేదు. వెళ్ళేటప్పుడు మరగకపోవడానికీ, వచ్చేటప్పుడు మరగడానికీ, ఈ చోటే మరగడానికీ లెక్క సరిపోయింది.

లెక్క సరిపోతే భయం పోవాలి. నాకు అప్పుడే పట్టుకుంది. దెయ్యమైతే ఆవిడ మావ వెంట పడ్డట్టు. గాలి అయితే ఆవిడ నా వెంట పడ్డట్టు.

మావ డబ్బాలోంచి చెంబుతో మంచినీళ్ళు ముంచి, రోడ్డు వారన ఇసకలో పోశాడు. ఇంకో చెంబు ముంచి నా చేతికిచ్చాడు.

"నువ్వూ పొయ్యి."

"నానెందుకు మావా?"

"బండి మీద సెయ్యేసినోడివి కదా. పొయ్యి."

పోశాను. ఇసక ఎంత నీరైనా తాగేసింది. తడి మచ్చ మేం చూస్తుండగానే చిన్నదైపోయింది.

ఇంజను బాగా చల్లారాక, ఇంక తప్పక, రేడియేటరు మీద చెయ్యి పెట్టాను. వంద అంకెలు అన్నది ఇక్కడి మాటే. మూడు. అదీ ఇంజను కట్టేసి చాలాసేపయ్యాక. పై భాగం ఇంకా చురుక్కుమంటోంది. మధ్యలో అరచెయ్యంత మేర చల్లగా ఉంది. పక్కన ఒక సన్నటి గీత వేడి, మళ్ళీ చల్లన. చల్లగా ఉన్నచోట నీరు పారడం లేదన్నమాట. జ్వరం వచ్చిన మనిషి పొట్ట మీద ఒక్కచోట చల్లగా తగిలినట్టుంది.

మర్నాడు కోటబొమ్మాళిలో, డాక్టరుగారి దొడ్లో, రేడియేటరు కింది హోసు విప్పాను. పదిమంది చూస్తుండగా అన్నాను కదా. ఇద్దరు. మావ, బిందెలతో నీళ్ళు మోసిపెడుతున్న ఆయన కూతురు.

మొదట కొంచెం నీరు పడి ఆగింది. తీగ పెట్టి పొడిస్తే, మట్టిరంగు జిగురు ముద్ద ఒకటి జారి ఇసకలో పడింది. దాని వెనక ఇంకొకటి. దాంతో వాసన లేచింది. కమురు వాసన కాదు, తుప్పు వాసన కాదు. అడుగంటిన చోడంబలి వాసన. మా జిల్లాలో పుట్టినవాళ్ళెవరూ పొరపాటు పడలేని వాసన.

ఆ పిల్ల బిందె దింపింది. దగ్గరికొచ్చింది. ముక్కు ఎగబీల్చింది. ముద్ద వైపు చూసి, నా మొహం వైపు చూసింది. ఆ పిల్ల నోరు తెరవకముందే నేను వాగడం మొదలెట్టాను.

"ఉప్పుగాలి మావా! ఉప్పుగాలికి ఇత్తడి లోపల బురద కడతాది. సీమ బండ్లకి ఇది మామూలే."

"మరి తప్పెవరిది?" అన్నాడు మావ. ఆయన అడిగింది అదొక్కటే. మొదటినుంచీ అదొక్కటే.

అప్పుడు చెప్పాలి. "నాది" అంటే సరిపోయేది, రెండే అక్షరాలు. ఆయన నన్ను కొట్టినా కొట్టేవాడు. ఆ రాత్రికి నిద్రపోయేవాడు.

"ఎవరిదీ కాదు," అన్నాను. "ఆవిడ దాహం ఇందులో సిక్కుకుపోనాది. అదిగో, దింపీసినాను." అంటూ చెంబెడు నీళ్ళు తీసి కారు చుట్టూ మూడుసార్లు తిరిగి పోశాను. తరవాత చాకలి సోడా వేసి మరగబెట్టిన నీళ్ళు కింది గొట్టంలోంచి పైకి ఎక్కించాను. ఆ పిల్ల మోసిన బిందెలన్నీ అయ్యేదాకా కడిగాను. తేటనీరు వచ్చింది. అతుక్కి టంకం కూడా పెట్టించాను, ఈసారి శ్రీకాకుళం నేనే మోసుకుపోయి.

దెయ్యం దిగింది. కారు మళ్ళీ ఆ రోడ్డు మీద మరగలేదు. నా పేరు పాకింది. మరిగే లారీలు, స్టార్టవని బస్సులు, పాలివ్వని గేదె కూడా ఒకటి నా షెడ్డుకొచ్చాయి.

ఆ రోజు మావ ఆ ముద్దల వైపు చాలాసేపు చూశాడు. తరవాత కూతురి వైపు చూశాడు. "అలగేనేటి," అని ఊరుకున్నాడు.

మరుసటి ఏడు ఆ పిల్లని నాకిచ్చి పెళ్ళి చేశాడు.

ఆ తరవాత ఎన్నో ఏళ్ళు, ఆ కారు ఉన్నన్నాళ్ళూ, అది పోయాక బస్సులోనైనా సరే, ఆ దారిన పోవలసి వస్తే మావ నన్ను వెంటబెట్టుకునే పోయేవాడు. ఆ విరిగిన రాతి గుర్తు దగ్గర దిగేవాడు. తనొక చెంబు పోసి, నాకొక చెంబిచ్చేవాడు. నేను పోశాక వెంటనే కదిలేవాడు కాదు. నా మొహంలోకి చూస్తూ నిలబడేవాడు. గాలి వీపు మీద కొట్టేది. తెల్లటి మడుల మీద ఏమీ కదిలేది కాదు. ఏదో అడగబోతున్నాడనుకుని నాకు నోరెండిపోయేది. ఏమీ అడక్కుండా "ఎల్దామా," అనేవాడు.

ఆఖరి రోజుల్లో మంచం మీద ఉండి దాహం అన్నాడు. నేనే చెంబందించాను. తాగకుండా దాన్ని గుండెల మీద పెట్టుకుని, "ఇంకేటైనా సెప్తావేట్రా?" అన్నాడు. "ఏటీ నేదు మావా, తాగు," అన్నాను. తాగాడు. రెండు రోజులకి పోయాడు. తప్పు తనదో, బండిదో, ఆవిడ తలరాతో తేల్చుకోకుండానే పోయాడు. అది ఆయనకి తెలియకుండానే ముగిసిపోయింది. నన్ను పట్టుకుని వదలనిది అదే. ఆవిరి రూపంలో నడిచినావిడ కాదు. చెంబు పట్టుకుని నా మొహంలోకి చూసే ఆయన.

ఇక్కడిదాకా రాసి, మా ఆవిడకి చదివి వినిపించాను. కళ్ళు సరిగ్గా ఆనక తను చదవలేదు. చేటలో ఉలవలు పోసుకుని వేళ్ళతో రాళ్ళు వెతుకుతూ వింది. నిజం రాశాను కదా, ఒకటో రెండో మంచి మాటలు అంటుందనుకున్నాను.

"మూడు అంకెలేటి?" అంది. "సెయ్యి ఆనించీ ఆనించగానే ‘అమ్మో’ అని ఊదుకున్నావంట. అయ్య సెప్పినాడు."

"సరేలే, ఒకటి."

"మూడు గుప్పిళ్ళు కూడా కాదు. నిండా సోలెడు పోనాది మూటలోంచి. ఆ ముడి కూడా అయ్య ఏసిన ముడి కాదు. కొలిసినాను నాను, ఆ రోజే."

"మరి... ఆ వాసన వచ్చిన రోజు మీ అయ్యతో ఏమైనా అన్నావా?"

"ఏటైనా ఏటి? అంతా సెప్పీసినాను. నువ్వు సైకిలెక్కి ఈదిమలుపు తిరగనేదు, నాను సెప్పడం అయిపోనాది. ఆడి సీమ మందు మన పిండే అయ్యా, అని."

"ఏమన్నాడు?"

"ఆడి నోటితో ఆడే సెప్పాల, అంతవరకూ నువ్వు నోరెత్తకు, అన్నాడు. ఇంట్లోకి తెచ్చుకుంటే ఎప్పుడో ఓపాలి సెప్తాడు అన్నాడు. ప్రతీపాలీ నీ సేతికి సెంబిచ్చి ఎందుకు నిలబడ్డాడనుకున్నావు? సచ్చిపోయే ముందర కూడా అడిగినాడు కదా. సెప్పినావేటి?"

ఆవిడ ఒక రాయి ఏరి గుమ్మం అవతల పడేసింది.

"ఆయనకి తెల్దు అని రాసినావు సూడు, ఆ ముక్క కొట్టీ ముసిలోడా. మా అయ్యకి తెలుసు. తెలుసు అని రాయి."